గాజుపూసకు పుట్టినిల్లు ఏది?
(మన ఆలయ తరగతుల విద్యార్థులకును, వారి పెద్దలకును ఒక పాఠము)



తెలుగుభాషలో "పూసగ్రుచ్చినట్లు చెప్పుట" అను పలుకుబడి యొకటి కలదు. జరిగిన విషయమును మొదటినుండి తుదివరకు, ఒక్కటియు విడువకుండ, వరుస తప్పకుండ చెప్పుట యని దాని యర్థము. ఆలయ తరగతిలో ఈ మాటను నేర్చుకొన్ననాడు నాకు దాని యర్థము మాత్రమే తెలిసినది. అట్లు చెప్పుట యెంత కష్టమో మా అవ్వగారి నల్లపూసల పేరును పరీక్షించిననాడు తెలిసినది.

ఒక ఆదివారమున చాండ్లర్‌లో మన పిల్లల తెలుగు తరగతి ముగిసిన పిమ్మట బల్లమీద రెండు దండలుండెను. మొదటిది మన సంఘసభ్యురాలొకరు టూసన్ నగరమున ఏటేట జరుగు రత్నముల సంతలో కొన్నది. ఎఱుపు, నీలము, తెలుపు రంగుల లావు గాజుపూసలు. దానికి కట్టిన చీటిమీద "ఆఫ్రికా పూసలు" అని యుండెను. రెండవది మా అవ్వగారిది. ఆమె తల్లి మద్రాసు రేవునుండి నాటాలుకు ఒప్పందపు కూలిగా వచ్చినపుడు మెడలో వేసికొని వచ్చినదని మా యింట చెప్పుకొనెడివారు. పదేండ్ల బాలిక యొకతె రెండింటిని పట్టి చూచి, "టీచరుగారూ, ఇవి ఎక్కడ పుట్టినవండీ?" అని అడిగెను. "ఒకటి ఆఫ్రికాలో, ఒకటి ఆంధ్రదేశములో" అని వెంటనే చెప్పితిని. ఆ జవాబులో మొదటి సగము తప్పు. రెండవ సగము పరీక్షకు పూర్తిగా నిలువలేదు. ఆ తప్పు దిద్దుకొనుటకై చేసిన అధ్యయనమే ఈ పాఠము.

1. పూసను ఎట్లు చదువవలెను?

గాజుపూసమీద ఊరిపేరు ఉండదు. కాని అది తయారైన విధము దాని శరీరముమీద వ్రాసియే యుండును. పది రెట్లు పెద్దదిగా చూపు భూతద్దము చాలును. ముఖ్యమైన పద్ధతులు మూడు.

మొదటిది లాగిన పూస. కరిగిన గాజుముద్దలో బోలు ఏర్పరచి, దానిని పొడుగైన సన్నని గొట్టముగా లాగి, చల్లారిన పిమ్మట చిన్న ముక్కలుగా నరికి, ఆ ముక్కల పదునైన అంచులు గుండ్రపడునట్లు మరల వేడిచేయుదురు. ఇట్టి పూసలో గాలిబుడగలును, గీతలును రంధ్రమునకు సమాంతరముగా, నిలువుగా సాగియుండును.

రెండవది చుట్టిన పూస. లోహపు కడ్డీమీద కరిగిన గాజును దారమువలె చుట్టి చేయుదురు. ఇందులో బుడగలును గీతలును రంధ్రము చుట్టును తిరిగియుండును. పువ్వులు, చుక్కలు, తీగలు గల అలంకారపు పూసలు పెక్కు ఈ జాతివి.

మూడవది అచ్చులో నొక్కిన పూస. మెత్తని గాజును రెండు భాగముల అచ్చులో నొక్కుదురు. ఆ రెండు భాగములు కలిసిన చోట సన్నని అతుకుగీత మిగులును. దానిని సానపట్టి కొంత చెరిపినను, వెలుతురులో త్రిప్పి చూచిన తరచుగా కనబడును.

రంగును మాత్రమే చూచి పుట్టినిల్లు చెప్పరాదు. నీలమునకు కోబాల్టు, ఎఱుపునకు రాగి, ఊదాకు మాంగనీసు అనేక దేశముల వారు వాడిరి. మనము నలుపనుకొను గాజు పెక్కుమార్లు చిక్కని ఊదాయో, చిక్కని ఆకుపచ్చయో అయి యుండును. దీపమున కెదురుగా పట్టినచో అంచున దాని అసలు రంగు తెలియును.

2. యూరపు కొలుములు

టూసన్ నుండి వచ్చిన దండలోని పూసలు ఆఫ్రికాలో చిరకాలము తిరిగినవే. కాని అవి అక్కడ పుట్టినవి కావు. వానిని పుట్టించిన కొలుములలో ముఖ్యమైనవి ఇటలీలోని వెనిస్‌లోను, నేటి చెక్ దేశములోని బొహీమియాలోను ఉండెను. 17వ శతాబ్దమున ఆమ్‌స్టర్‌డామ్ నగరమునను పూసలు చేసిరి. అక్కడి త్రవ్వకములలో దొరికిన గాజువ్యర్థములే అందుకు సాక్ష్యము.

వెనిస్ ప్రభుత్వము 1291లో గాజుకొలుములను నగరమునుండి మురానో ద్వీపమునకు తరలించెను. కట్టెల ఇండ్లున్న నగరమునకు అగ్నిభయము అందుకు ఒక కారణము. అక్కడ బోలు గల గాజుముద్దకు రెండు కొనల కడ్డీలు తగిలించి, ఇద్దరు మనుష్యులు ఎదురుదిక్కులకు పరుగెత్తెడివారు. వారి నడుమ గాజు సన్నని గొట్టమై సాగెడిది. దానిని ముక్కలుచేసి గుండ్రపరచిన పిమ్మట ఆ చిన్న పూసలను దారమునకు ఎక్కించెడివారు వెనిస్ పేదవాడల స్త్రీలు. ఒళ్ళో పూసల పళ్ళెము, చేతిలో విసనకఱ్ఱవలె పరచిన సూదులు పట్టుకొని వీధివాకిళ్ళలో కూర్చుండి కూలికి గ్రుచ్చెడివారు. లోకమంతట తిరిగిన ఈ దండల మొదటి దారము ఒక పేదరాలి చేతిది.

నీలము, తెలుపు, ఎఱుపు పొరలతో అడ్డకోతలో నక్షత్రము కనబడు పెద్ద పూసను షెవ్రాన్ అందురు. 15వ శతాబ్దపు చివర మురానోలో గాజుపని చేసిన మరియా బరోవియర్ అను మహిళ పేరుతో దాని పుట్టుక ముడిపడియున్నది. మన సభ్యురాలి దండలో ఎఱ్ఱని పైపొరయు తెల్లని లోపలి పొరయు గల పూసలు ఉన్నవి. ఇట్టివి సుమారు 1830ల నుండి విస్తారముగా వచ్చినవి. వానికి పూర్వపు వానిలో లోపలి పొర ఆకుపచ్చగా ఉండెడిది. కనుక రంధ్రములోనికి చూచిన వయస్సు కొంత తెలియును.

బొహీమియాలో యాబ్లొనెత్స్ అను పట్టణము ఈ పనికి కేంద్రము. దానిని జర్మనులు గాబ్లోంజ్ అనెడివారు. అచ్చుపూసలును, పలకలు తీర్చిన పూసలును వారి ప్రత్యేకత. రెండవ ప్రపంచయుద్ధానంతరము అక్కడి జర్మను భాషీయులను వెడలగొట్టిరి. వారిలో పలువురు పూసల పనివారు బవేరియాలోని కౌఫ్‌బాయిరెన్ ప్రక్కన 1946 నుండి స్థిరపడి, ఆ క్రొత్త ఊరికి నోయ్‌గాబ్లోంజ్, అనగా క్రొత్త గాబ్లోంజ్, అని పేరుపెట్టుకొని అదే పని సాగించిరి. ఊరు పోయినను పనిని, పేరును విడువని ఆ జనుల కథ మనకు క్రొత్తది కాదు.

వర్తకులు వాడిన నమూనా అట్టలు పరిశోధకులకు గొప్ప ఆధారము. లండనులో 19వ శతాబ్దమున పూసల వ్యాపారము చేసిన మోజెస్ లెవిన్ అను వర్తకుడు ఇచ్చిన నమూనాలు బ్రిటిష్ మ్యూజియములో ఉన్నవి. అమ్ముటకై కుట్టిన అట్ట నేడు చరిత్రకు పలక యైనది.

3. పూసతో ఏమి కొనిరి?

"వర్తకపు పూసలు" అను పేరు వినుటకు ఇంపుగా ఉన్నది. కాని ఆ వర్తకమేదో పిల్లలకు దాచి చెప్పరాదు. యూరపు ఓడలు ఆఫ్రికా తీరములకు గుడ్డలు, లోహములు, తుపాకులు, సారాయి, పూసలు తెచ్చి బంగారమును, ఏనుగు దంతమును, మనుష్యులను కొనిపోయినవి. పూస ఒక్కటియే ఆ వెల కాదు. అయినను అది ఆ వెలలో భాగము. అందుచేతనే కొన్ని పూసలకు "బానిస పూసలు" అను పేరు నేటికిని అంగళ్ళలో వినబడును.

కొన్నవారు అమాయకులు, రంగురాళ్ళకు మోసపోయిరి అను మాటయు సరికాదు. ఏ ప్రాంతమున ఏ రంగు, ఏ పరిమాణము చెల్లునో ఆఫ్రికా ప్రజలే నిర్ణయించిరి. వారికి నచ్చని పూసను ఓడవారు తిరిగి మోసికొని పోవలసి వచ్చెడిది. 1805లో అమెరికా పడమటి తీరము చేరిన లూయిస్, క్లార్కుల బృందమునకును ఇదే పాఠము నేర్పబడినది. అక్కడి ప్రజలు నీలిపూసలనే కోరిరి. వీరియొద్ద అవి చాలకపోయెను.

4. ఆఫ్రికాలో మనకంటె ముందు చేరినవి

దక్షిణాఫ్రికాలో లింపోపో, షాషే నదుల సంగమమునకు చేరువ మాపుంగుబ్వే అను కొండ యున్నది. 13వ శతాబ్దమున అది ఒక రాజ్యమునకు కేంద్రము. 1930లలో అక్కడ త్రవ్వకములు జరిగినవి. 2003లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. అక్కడను, ఆ ప్రక్కననున్న అంతకు పూర్వపు గ్రామస్థలములోను చిన్న గాజుపూసలు వేలకొలది దొరికినవి. వానిలో ఒక వర్గము పూసల గాజును రసాయనికముగా పరీక్షింపగా అది దక్షిణాసియా గాజని తేలినది. హిందూమహాసముద్రపు ఋతుపవనములమీద సాగిన వర్తకములో, యూరపు ఓడ ఆ తీరమును చూడక మునుపే అవి అక్కడికి చేరినవి. వాస్కో ద గామా ఆ తీరమును చూచి నాటాలని పేరుపెట్టినది 1497 డిసెంబరులో. పిమ్మట వచ్చిన పోర్చుగీసువారు తాము తెచ్చిన యూరపు పూసలు చెల్లకపోవుట చూచి, భారతదేశపు పూసలను తెప్పించి అమ్మవలసి వచ్చెను.

భారతదేశములో ఇట్టి చిన్న లాగిన పూసల తయారీకి పుదుచ్చేరి ప్రక్కనున్న అరికమేడు ప్రాచీనమైన సాక్ష్యము. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ త్రవ్వకము జరిపెను. మన తెలుగునాట రేణిగుంటకును శ్రీకాళహస్తికిని నడుమనున్న పాపానాయుడుపేట ఈ పనికి పేరొందిన ఊరు. పూసల చరిత్రకే జీవితమంకితము చేసిన అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ఆ ఊరి కొలుములను చూచి, పొడుగైన ఇనుపగొట్టము సాయముతో గాజును ఎడతెగకుండ లాగు అక్కడి పద్ధతి ప్రాచీన పద్ధతికి వారసురాలని వ్రాసెను. వెనిస్‌లో ఇద్దరు పరుగెత్తి లాగినదానిని ఇక్కడ కొలిమియెదుట కూర్చుండి లాగిరి. ఫలితము మాత్రము కంటికి ఇంచుమించు ఒక్కటియే.

5. అవ్వగారి పేరు

నాటాలునకు మనవారితో వచ్చిన మొదటి ఓడ ట్రూరో. అది మద్రాసులో బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరెను. 1911 వరకు 1,52,184 మంది ఒప్పందపు కూలీలుగా అక్కడ దిగిరి. ఓడల పట్టీలలో ప్రతి మనిషికిని ఒక సంఖ్య, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఎత్తు, శరీరముమీది గుర్తులు వ్రాసిరి. మెడలోని పూసలకు గడి లేదు.

మా అవ్వగారి తల్లి జిల్లా ఉత్తర ఆర్కాటు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడుటకు పూర్వము పాపానాయుడుపేట ప్రాంతమును ఆ జిల్లాలోనిదే. ఈ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. "ఇక సందేహమేమి? ఇవి మన ఊరి పూసలే" అని మా అన్నగారికి ఫోను చేసితిని. ఆయన, "అదే జిల్లా సంతలో వెనిస్ పూసలు అమ్మలేదా, అమ్మాయీ?" అని అడిగిరి. అమ్మిరి. 19వ శతాబ్దమున వెనిస్, బొహీమియా పూసలు బొంబాయి, మద్రాసు రేవులలో దిగి, పూసలవారి గంపలలో పల్లెలకు చేరినవి. డర్బన్ అంగళ్ళలోను అవి నిండియుండెను. జూలూ స్త్రీలు అంత అందముగా అల్లిన పూసలపనికి మూలవస్తువు ఈ యూరపు పూసలే. ఒకే జిల్లా అగుట సంభవమునకు తోడు. అది రుజువు కాదు.

పిమ్మట భూతద్దముతో ఒక్కొక్క పూసను చూచితిని. మొత్తము 110. అందులో 104 చిన్నవి. వాని గీతలు నిలువుగా సాగియున్నవి, అనగా లాగిన పూసలు. దీపమున కెదురుగా పట్టిన అంచు ఊదారంగు. తాళిబొట్టుల ప్రక్కనుండు ఆరు పెద్ద పూసలకు మాత్రము అతుకుగీత యున్నది. అవి అచ్చుపూసలు, బొహీమియా తీరువి. కనుక పేరంతయు ఒక్కచోటినుండి వచ్చినదను మా యింటి మాట నిలువదు. తక్కిన 104 పూసలు తెలుగునాటివో వెనిస్‌వో కన్ను చెప్పజాలదు. గాజులోని అల్యూమినా మొదలగు పదార్థముల పాళ్ళు చెప్పును. భారతీయ గాజులో అల్యూమినా సాధారణముగా అధికము. మురానో గాజులో తక్కువ. లేజరు కిరణముతో కంటికి కనబడనంత గాజును తీసి కొలుచు పద్ధతి నేడు కలదు.

ఇంకొక సాక్షి యుండెను. దానిని నేనే పోగొట్టితిని. ఇరువది యేండ్ల క్రిందట ఒక పెండ్లికి ధరించవలెనని, చీకిన పాత నూలుదారమును కత్తిరించి పారవేసి, నైలాను దారమున పూసలను నా యిష్టము వచ్చిన వరుసలో గ్రుచ్చితిని. ముడులెన్ని, ఎక్కడ తెగి ఎక్కడ అతికిరి, ఆరు పెద్ద పూసలు మొదటి దారముతోనివో తరువాత చేర్చినవో చెప్పగల సాక్షి ఆ దారమే.

దారము విలువ యెట్టిదో అలాస్కా చెప్పును. ఉత్తర అలాస్కాలోని పున్యిక్ పాయింట్ అను చోట దొరికిన నీలిపూసలు వెనిస్‌వనియు, కొలంబసుకు పూర్వమే ఆసియా మార్గమున చేరినవనియు 2021లో ఇద్దరు పరిశోధకులు వ్రాసిరి. వారికి ఆధారము ఆ పూసలతో దొరికిన రాగి కడియమునకు చుట్టిన నారదారపు వయస్సు. ఆ జాతి పూసలు తరువాతి శతాబ్దములవని ఇతర పండితులు ఆక్షేపించిరి. దారమొక సాక్షి, పూస యొక సాక్షి. ఇద్దరి మాటయు వినవలెను.

6. ఈ అరిజోనా నేలమీద

మనము నివసించు చాండ్లర్ పట్టణము 1912లో వెలసినది. ఈ నేల చరిత్ర అంతకు ఎన్నో శతాబ్దముల పూర్వపుది. ఇక్కడ కాలువలు త్రవ్వి పంటలు పండించిన ప్రాచీనులు, కాలిఫోర్నియా సింధుశాఖ నుండి వచ్చిన గవ్వలతోను, పచ్చని రాళ్ళతోను పూసలు చేసికొనిరి. వారి వారసులు మన పొరుగుననే హీలా నది తీరమున ఉన్నారు. గాజుపూస మాత్రము యూరపు వారితో ఈ నైరుతి ప్రాంతమునకు వచ్చినది. 1540లో కొరొనాడో దండు ఈ దిక్కునకు వచ్చెను. కీనో అను జెస్యూటు గురువు 1694లో హీలా తీరమున కాసా గ్రాందేను చూచెను. మొదటి స్పానిషు దండుల జాడను గుర్తించుటకు పలకల షెవ్రాన్ పూసలు నేటి పురావస్తు పరిశోధకులకు సాయపడుచున్నవి. అందుచేత ఎడారిలో నడచునపుడు ఇట్టి పూస కనబడినచో తీయకుడు. నూరేండ్లు దాటిన పురావస్తువులను ప్రభుత్వ భూములనుండియు, ఆదివాసుల భూములనుండియు అనుమతి లేక తీయుట 1979 నాటి చట్టము ప్రకారము నేరము. చట్టము మాట అటుంచి, పూసను చోటునుండి తీయుట దారము కత్తిరించుట వంటిది. నేను చేసిన పని మీరు చేయకుడు.

7. మనము చేయవలసినది

మన పెద్దలు నాటాలు, మారిషస్, ఫిజీ తోటలకు తెచ్చిన వస్తువులు స్వల్పము. అవియు తగ్గుచున్నవి. కావున:

పాత దారమును కత్తిరింపకుడు. దండ తెగినచో, పూసలను పడిన వరుసలోనే గుడ్డమీద పరచి ఛాయాచిత్రము తీయుడు. దారమును వేరొక కాగితములో భద్రపరచుడు.

వస్తువు ఎవరిది, ఎవరు ఎవరికి ఇచ్చిరి, ఈ మాట ఎవరు చెప్పిరి అను మూడింటిని వ్రాసియుంచుడు. "మా అవ్వ చెప్పినది" అను మాటను "రుజువైనది" అని మార్చకుడు. "రుజువు కాలేదు" అని అవ్వ మాటను కొట్టివేయకుడు. రెండింటిని వేర్వేరు వరుసలలో వ్రాయుడు.

పట్టుకొమ్మగా ఓడపట్టీలోని సంఖ్యను సంపాదించుడు. ఇంటిపేర్లు పెక్కు ఆ పుస్తకముల కెక్కలేదు. జిల్లా, గ్రామము ఎక్కినవి.

తెలుగున "పేరు" అనగా నామము. "పేరు" అనగా దండయు. మా అవ్వగారి పేరులో ఆరు పూసలు బొహీమియా తీరువని తెలిసిన పిమ్మట దానిని మునుపటివలెనే పూజాగదిలో ఉంచితిమి. దాని గౌరవమేమియు తగ్గలేదు. తగ్గినది నా తొందరపాటు మాత్రమే. ఆ బాలికకు మరుసటి ఆదివారము జవాబు మార్చి చెప్పితిని. ఆమె తన యింటి నల్లపూసలను చూచుటకు నా భూతద్దము అడిగి తీసికొనిపోయినది. ఇంతవరకు తిరిగి ఇయ్యలేదు. నేనును అడుగలేదు.

పిల్లలకు ప్రశ్నలు

1. లాగిన పూసకును చుట్టిన పూసకును భేదమును ఎట్లు కనుగొందువు?
2. "ఆఫ్రికా పూసలు" అను చీటిని సరిదిద్ది వ్రాయుము.
3. వెనిస్ పద్ధతికిని పాపానాయుడుపేట పద్ధతికిని పోలిక యేమి, భేదమేమి?
4. ఒకే జిల్లా అగుట యెందుచేత రుజువు కాదు?
5. మీ యింటిలోని ఒక పాత వస్తువును గూర్చి పెద్దల నడిగి, పూసగ్రుచ్చినట్లు పది వాక్యములు వ్రాయుము.